పాత మోటార్ యాట్ లోపల టేకు నల్లబడి పొర లేస్తోంది. మొత్తం పీకేయాలా?

సియాటిల్_శ్రీను

పోయిన ఆగస్టులో ఒక పాత మోటార్ యాట్ కొన్నాను. 1979లో తైవాన్‌లో కట్టింది, 36 అడుగులు, నిదానంగా నడిచే ట్రాలర్ రకం. ఫోర్డ్ లేమన్ 120 డీజిల్ ఇంజను ఒకటి. బయటి ఒళ్ళు ఫైబర్‌గ్లాస్. లోపల మాత్రం గోడలు, అల్మరాలు, నేల, మెట్లు అన్నీ టేకే. సియాటిల్‌లో లేక్ యూనియన్ అనే సరస్సులో కట్టి ఉంచుతాను. కొన్నరోజు మంచి ఎండ. లోపల అడుగుపెడితే తేనె రంగు చెక్క మెరుస్తోంది. దాన్ని చూసి బేరం కూడా సరిగ్గా ఆడలేదు.

నవంబరు వానలకి అసలు రూపం బయటపడింది. సెలూన్‌లో కుడివైపు కిటికీల కింద టేకు వెనీర్ (ప్లైవుడ్ మీద అతికించిన పల్చటి టేకు పొర) నల్లబడి ఉబ్బింది, నొక్కితే వేలు దిగుతోంది. ముందు పడకగదిలో బట్టల అల్మరా తెరిస్తే తడిసిన గోనెసంచి వాసన. మా ఆవిడ ఒక్క రాత్రి పడుకుని, మర్నాడు స్వెట్టర్లన్నీ మూటగట్టి ఇంటికి తెచ్చేసింది. నేలంతా చిన్న చిన్న టేకు ముక్కల పార్కే. మెట్ల దగ్గర పది పన్నెండు ముక్కలు ఊడి వస్తున్నాయి. వార్నిష్ చాలాచోట్ల పొలుసులు లేచింది.

బోట్లు బాగుచేసే ఒక యార్డు వాళ్ళని పిలిచి చూపించాను. లోపలి చెక్క మొత్తం పీకేసి కొత్త ప్లైవుడ్, కొత్త వెనీర్ వేస్తే 38 వేల డాలర్లు అన్నారు. బోటు కొన్నదే 31 వేలకి. నేను సాఫ్ట్‌వేర్ పని చేసేవాణ్ణి. చెక్కపని అనుభవం అంటే ఇంట్లో చేసుకున్న ఒక పుస్తకాల బీరువా, అంతే. శాండింగ్ మెషిన్ కొన్నాను, శనివారం కిటికీల దగ్గర మొదలుపెడదామనుకుంటున్నా. నా వల్ల అయ్యే పనేనా? లేక యార్డు వాళ్ళు చెప్పినట్టు మొత్తం పీకడమే దారా?

చిత్రిక_పట్టు

శనివారం ఆ మెషిన్ ప్లగ్గులో పెట్టకండి. ముందు ఆ మాట ఇవ్వండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

వెనీర్ మందం మిల్లీమీటరు కూడా ఉండదు. దాన్ని ఇదివరకు ఎవరు ఎన్నిసార్లు గీకారో మీకు తెలీదు. 80 నంబరు గరుకు ఉప్పుకాగితం పెట్టి మెషిన్ తిప్పితే కొన్ని సెకన్లలో కింది ప్లైవుడ్ బయటికొస్తుంది. ఆ మచ్చని దాచే వార్నిష్ ఇంతవరకు రాలేదు. మా డైనింగ్ టేబుల్‌కి నేను ఆ తప్పు చేశాను. పదేళ్ళుగా దాని మీద గుడ్డ పరిచే ఉంచుతున్నాం.

తాళ్ళరేవు_మనవడు

నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో కనుక్కున్నారా? చెక్క సంగతి ఆ తర్వాత.

సియాటిల్_శ్రీను

కిటికీ అద్దాల చుట్టూ సిలికాన్ పూశాను. అయినా తడి ఆగలేదు.

తాళ్ళరేవు_మనవడు

సిలికాన్ పూసి పెద్ద చిక్కే తెచ్చుకున్నారు. అది తాకినచోట వార్నిష్ అంటుకోదు, చేప కళ్ళలాగా గుంటలు పడతాయి. దాన్ని బ్లేడుతో గీకి, పూర్తిగా తుడిచి తీయండి.

మాది తాళ్ళరేవు. పక్కనే కోరంగి. 1839 తుపాను రాకముందు అక్కడ పెద్ద ఓడలే కట్టేవారు. మా తాత చేపల పడవలు కట్టే మేస్త్రి. ఆయన పాత పడవ మరమ్మతుకి వస్తే మొదటి రోజు ఉలి ముట్టుకునేవాడు కాదు. చుట్ట కాలుస్తూ పడవ చుట్టూ తిరిగి, గోళ్ళతో తడుముతూ, సుత్తి పిడితో కొట్టి వింటూ ఉండేవాడు. మంచి చెక్క ఖంగుమంటుంది, కుళ్ళింది బద్దగా పలుకుతుంది. మీరూ ఒక పూట అలా తిరిగి, పలికిన తీరుని బట్టి పెన్సిల్‌తో గీతలు గీసుకోండి. నల్లగా ఉన్నదంతా కుళ్ళు కాదు. తెల్లగా ఉన్నదంతా మంచిదీ కాదు.

గుంటూరు_కారం

సెలూన్‌లో కుడివైపు కిటికీ అంటే క్షవరం షాపు అనుకుని రెండుసార్లు చదివాను. తీరా చూస్తే బోటులో హాలు!

విశాఖ_జాయినర్_కూతురు

మా నాన్న విశాఖ షిప్‌యార్డులో జాయినర్ షాపులో 31 ఏళ్ళు పనిచేశారు. ఓడ ఇనుముది అయినా ఆఫీసర్ల క్యాబిన్ల లోపలి చెక్కపని అంతా వాళ్ళదే. తాళ్ళరేవు గారిలాగే నాన్న కూడా ముందు నీటి మాటే ఎత్తేవారు. ఓడలో చెక్కని చంపేది సముద్రం కాదు, వాన నీరు.

ఇది వినడానికి వింతగా ఉంటుంది కానీ నిజం. చెక్కని తినే బూజుకి మంచినీళ్ళే కావాలి, ఉప్పు పడదు. అందుకే వెనకటి చెక్క ఓడల్లో పక్క దూలాల మధ్య రాతి ఉప్పు నింపేవారు. ఆవకాయలో ఉప్పు తగ్గితే ఏమవుతుందో అందరికీ తెలిసిందేగా.

శ్రీను గారూ, ఈ తైవాన్ బోట్ల కిటికీలు పక్కకి జరిపేవి అయితే, కింద గాడిలో నీళ్ళు బయటికి పోవడానికి చిన్న చిన్న బెజ్జాలు ఉంటాయి. అవి మూసుకుపోతే గాడి నిండి నీళ్ళు లోపలి ప్లైవుడ్ అంచులోకి దిగుతాయి. ముందు ఆ బెజ్జాలు చూడండి. మీరు అద్దాల చుట్టూ సిలికాన్ పూస్తే ఆగకపోవడానికి కారణం అదే కావచ్చు.

సియాటిల్_శ్రీను

ఇప్పుడే బోటు దగ్గర నుంచి వచ్చాను. కుడివైపు నాలుగు కిటికీలకీ కింద గాడిలో బెజ్జాలు ఉన్నాయి. ఒక్కటి కూడా తెరుచుకుని లేదు. పిన్నీసు గుచ్చితే నల్లటి మట్టి, నాచు వచ్చాయి. గ్లాసుతో నీళ్ళు పోస్తే గాడిలో చెరువులా నిలిచాయి. పిన్నీసుతో పొడిచి మళ్ళీ పోస్తే బయటికి ధార కట్టాయి. మేడం, మీకూ మీ నాన్నగారికీ దండం.

డీజిల్_డాక్టర్

అదొక్కటే అనుకోకండి. పైపుతో పరీక్ష చేయాలి. ఇద్దరు కావాలి. ఒకరు బయట తోటపైపు పట్టుకోవాలి, ఒకరు లోపల టార్చి పట్టుకోవాలి. కింద నుంచి మొదలుపెట్టి పైకి వెళ్ళాలి, ఒక్కోచోట ఐదు నిమిషాలైనా నీళ్ళు పోయాలి. పై నుంచి మొదలుపెడితే నీళ్ళు అన్నిచోట్లా జారిపోయి ఏ సందులోంచి దిగిందో ఎప్పటికీ తెలీదు. నీళ్ళు పడినచోటు వేరు, కనిపించేచోటు వేరు. నా బోటులో వంటగది మీద కారేది. మూలం చూస్తే దానికి తొమ్మిది అడుగుల అవతల, పైకప్పు మీద చేతికమ్మీ స్క్రూ.

మీ బోటు పైన డెక్కు కూడా టేకు పలకలేనా? ఆ కాలంలో పలకల్ని స్క్రూలతో బిగించేవారు. వందల కొద్దీ స్క్రూలు ఫైబర్‌గ్లాస్‌లోకి దిగి ఉంటాయి. ప్రతి స్క్రూ ఒక కన్నమే.

సియాటిల్_శ్రీను

అవును, పైన కూడా టేకే. ఇప్పుడు నిజంగా టెన్షన్ పట్టుకుంది.

డీజిల్_డాక్టర్

టెన్షన్ వద్దు. అన్నీ కారవు. కారేవాటిని ఒక్కోటి పట్టుకోవాలి. స్క్రూ తీసి, బెజ్జం ఆరనిచ్చి, ఎపాక్సీ జిగురు నింపి, మళ్ళీ బిగించి పైన టేకు బిళ్ళ కొట్టడమే. కిటికీ ఫ్రేములకి, కమ్మీలకి కింద బ్యూటిల్ టేపు (మెత్తటి రబ్బరు లాంటి పట్టీ) వేయండి. శాశ్వతంగా అతుక్కునే పాలియురెథేన్ జిగురు మాత్రం అక్కడ వాడకండి. రేపు విప్పాల్సి వస్తే ఫ్రేముతో పాటు గోడ కూడా ఊడి వస్తుంది.

సరస్వతి_అత్తయ్య

ఇంత హడావుడి ఎందుకు బాబూ. మా అత్తగారింట్లో టేకు తలుపులకి ప్రతి సంక్రాంతికీ కొబ్బరినూనె పట్టించేవాళ్ళం. ఎనభై ఏళ్ళు చెక్కుచెదరలేదు. ఏదైనా నూనె పట్టించి చూడు.

చిత్రిక_పట్టు

అత్తయ్యగారూ, ఇంటి తలుపుకి అటూ ఇటూ గాలి ఆడుతుంది, మన ఊళ్ళో ఎండ ఉంటుంది. సియాటిల్‌లో మూసి ఉన్న బోటులో ఆ నూనె మీదే బూజు పెరుగుతుంది. పైగా నూనె తాగిన చెక్క మీద తర్వాత వార్నిష్ పట్టదు. మీ తలుపులు ఎనభై ఏళ్ళు నిలిచింది నూనెతో కాదు, చేవతో!

సరస్వతి_అత్తయ్య

సరే నాయనా, చేవ సంగతి ఒప్పుకుంటా. కానీ గాలి ఆడాలన్నావు చూడు, అది రాసిపెట్టుకో శ్రీనూ. అల్మరా తలుపులు మూసిపెట్టకు.

విశాఖ_జాయినర్_కూతురు

అత్తయ్యగారు సరిగ్గా చెప్పారు. బోటు గోడకీ లోపలి చెక్క పలకకీ మధ్య ఖాళీ ఉంటుంది. అక్కడ గాలి తిరగకపోతే చలికాలంలో ఫైబర్‌గ్లాస్ మీద చెమట పట్టి చెక్క వెనకవైపు నుంచి తడుస్తుంది. నాన్న వాళ్ళు అల్మరా తలుపు మధ్యలో పలక బదులు పేము అల్లిక పెట్టేవారు. కుర్చీల సీట్లకి వేస్తారే, అదే. చూడటానికి బాగుంటుంది, గాలీ ఆడుతుంది. మీ వాసన అల్మరాకి అది చేయించండి. తలుపు చట్రం పాత టేకుదే ఉంచుకోవచ్చు.

న్యూజెర్సీ_నావికుడు

ఎవరూ అనని మాట నేనంటాను. 1970లలో వచ్చిన ఈ బోట్లు లోపల చీకటి గుహల్లా ఉంటాయి. గోడ టేకు, కప్పు టేకు, నేల టేకు. పాడైన పలకలు పీకి, కొత్త ప్లైవుడ్ వేసి తెల్లరంగు కొట్టండి. అంచులు, చట్రాలు మాత్రం టేకు ఉంచండి. ఇది నా సొంత పైత్యం కాదు. రోడ్ ఐలండ్‌లో నథానియల్ హెర్రెషాఫ్ అనే పేరుమోసిన యాట్ల రూపకర్త వంద ఏళ్ళ కిందట కట్టిన యాట్లలో లోపలి తీరు ఇదే, తెల్లటి గోడలు, మహాగని అంచులు. ఇప్పటికీ దాన్ని మించిన అందం లేదు. ఖర్చు సగం, పని సగం, వెలుగు రెట్టింపు.

చిత్రిక_పట్టు

మీతో గట్టిగా విభేదిస్తాను. హెర్రెషాఫ్ తెల్లరంగు కోసమే కట్టాడు, ఆయన పనికి అది అందం. ఈ బోటు కట్టినవాళ్ళు ఎదురెదురు పలకల్లో చారలు కలిసేలా వెనీర్ ఎంచి అతికించారు. ఇప్పుడు ఆ టేకు దొరకడమే కష్టం. మయన్మార్ 2014లో దుంగల ఎగుమతి ఆపేసింది, 2021లో అక్కడి ప్రభుత్వ కలప సంస్థ మీద అమెరికా ఆంక్షలు పెట్టింది. రంగు కింద కప్పేస్తే ఆ చెక్క మళ్ళీ బయటికి రాదు. చారల సందుల్లోకి దిగిన తెల్లరంగుని తీయడం ఎవరి వల్లా కాదు.

న్యూజెర్సీ_నావికుడు

మంచి టేకు మీద రంగు కొట్టమనలేదు. కుళ్ళిన పలక మారుస్తున్నప్పుడు అంటున్నాను.

చిత్రిక_పట్టు

అయితే మనిద్దరి మధ్య గొడవ చిన్నదే. కానీ కుళ్ళింది ఎంతో ఇంకా తెలీదు కదా. తేలాక మాట్లాడదాం.

సియాటిల్_శ్రీను

మూడు వారాల తర్వాత వస్తున్నాను. పైపు పరీక్ష చేశాం, మా ఆవిడ లోపల టార్చి పట్టుకుంది. కిటికీ గాడులు కాక ఇంకో రెండు దొరికాయి. పైకప్పు మీద చేతికమ్మీ బోల్టు ఒకటి, ముక్కు దగ్గర రెయిలింగ్ కాళ్ళలో ఒకటి. బట్టల అల్మరా తడవడానికి కారణం ఆ రెయిలింగ్ కాలే. అన్నీ విప్పి బ్యూటిల్ వేసి బిగించాను. తర్వాత పది రోజులు విడవకుండా వాన పడింది. లోపల చుక్క లేదు.

పిన్నుల మీటర్ కొని తేమ చూశాను. మంచి గోడల్లో 12, 13 శాతం. కిటికీల కింద 28. చిన్న హీటరు, డీహ్యూమిడిఫైయర్ పెట్టి వదిలేశాను, ఇప్పుడు 17కి దిగింది.

తాళ్ళరేవు గారు చెప్పినట్టు సుత్తి పిడితో కొట్టి గీతలు గీశాను. నాలుగు పలకల్లో నిజంగా కుళ్ళింది ఒకటే, అదీ కింది ఆరు అంగుళాలు. మిగతా మూడింట్లో పొర లేచింది, నల్లబడింది, కానీ కింద చెక్క గట్టిగానే ఉంది. యార్డు వాళ్ళు నాలుగూ పీకేద్దామన్నారు. మొదటి రోజే ఒప్పుకుని ఉంటే అన్నీ పోయేవి.

తాళ్ళరేవు_మనవడు

15 కంటే కిందకి దిగేదాకా జిగురు సీసా మూత తీయకండి. తడి చెక్కలో ఎపాక్సీ పోస్తే తడిని లోపల పెట్టి తాళం వేసినట్టే.

చిత్రిక_పట్టు

పొర లేచిన మూడు పలకలకి ఇలా చేయండి. ఉబ్బినచోట పదునైన బ్లేడుతో చార వెంబడే సన్నగా కోయండి, అడ్డంగా ఎప్పుడూ కోయొద్దు. కోసిన సందులోంచి లోపలి మట్టి దులిపి, అసిటోన్ కొంచెం ఎక్కించి ఆరనివ్వండి. టేకులో సహజంగా నూనె ఉంటుంది, అది తుడిస్తే తప్ప జిగురు పట్టదు. తుడిచాక ఎక్కువసేపు ఆగకూడదు, నూనె మళ్ళీ పైకి వస్తుంది. తర్వాత సిరంజితో ఎపాక్సీ ఎక్కించి, పైన మైనపు కాగితం, దాని మీద చదునైన ప్లైవుడ్ ముక్క పెట్టి నొక్కాలి. బోటు గోడకి క్లాంపు పట్టదు కాబట్టి ఎదురుగోడ నుంచి సన్నటి కర్రని వంచి ఆనించండి. కర్ర తిన్నగా అవ్వాలని చూస్తూ పలకని నొక్కిపట్టి ఉంచుతుంది.

పాత వార్నిష్‌ని మెషిన్‌తో కాదు, పూత కరిగించే మందుతో మెత్తబరిచి స్క్రేపరుతో తీయాలి. ఇనుప రేకు లాంటి క్యాబినెట్ స్క్రేపర్ ఉంటుంది, అంచు నూరుకుని చార వెంబడి లాగితే కాగితంలా పొట్టు వస్తుంది. ఉప్పుకాగితం చివర్లో, చేత్తో, 220 మాత్రమే.

సత్తి_మేస్త్రి_కొడుకు

చిత్రిక గారు చెప్పింది అంతా సరే కానీ నల్లమచ్చల సంగతి వదిలేశారు. టేకులో ఉండే టానిన్ ఇనుముని తాకితే నల్లబడుతుంది. తడిలో తుప్పు పట్టిన మేకులు, స్క్రూల చుట్టూ వచ్చే నలుపు అదే. దానికి ఆక్సాలిక్ యాసిడ్. పొడి అమ్ముతారు, గోరువెచ్చని నీళ్ళలో కలిపి బ్రష్షుతో పట్టిస్తే కళ్ళముందే నలుపు విడుస్తుంది. తర్వాత మంచినీళ్ళతో మూడు నాలుగుసార్లు తుడవాలి. విషం అది, గ్లవ్స్, కళ్ళజోడు తప్పనిసరి. తుడవకుండా ఆరినచోట కాగితం పెట్టి గీకితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పలకలో సగానికి పట్టించి ఆపకండి, పలక మొత్తం పట్టించండి. లేకపోతే తెల్లటి మచ్చ నల్లమచ్చ కంటే అసహ్యంగా ఉంటుంది.

సియాటిల్_శ్రీను

కుళ్ళిన పలక సంగతి ఎవరైనా చెప్తారా? కింది ఆరు అంగుళాలు కోసి కొత్త ముక్క అతికించవచ్చా, పలక మొత్తం మార్చాలా?

విశాఖ_జాయినర్_కూతురు

అతికించవచ్చు. రెండు ముక్కల అంచుల్నీ ఏటవాలుగా చెక్కి ఒకదానిమీద ఒకటి కూర్చోబెట్టాలి. వాలు మందానికి ఎనిమిది రెట్లు ఉండాలి. మీ ప్లైవుడ్ 12 మిల్లీమీటర్లు అయితే వాలు 96 మిల్లీమీటర్లు. బీఎస్ 1088 (బ్రిటిష్ ప్రమాణం) మెరైన్ ప్లైవుడ్ వాడండి. ఇండియాలో అయితే ఐఎస్ 710 అని అడగాలి, మన వంటగదుల్లో సింకు కింద వేయమని చెప్పేది అదే.

కానీ అతుకు గీత వెనీర్‌లో అడ్డంగా కనిపిస్తుంది. దాన్ని దాచాలంటే ఆ గీత మీద టేకు పట్టీ వేయాలి. కిటికీ కింద చేతి ఎత్తులో పట్టీ ఉంటే బోటు ఊగినప్పుడు పట్టుకోడానికీ పనికొస్తుంది. నాన్న అయితే అదే చేసేవారు. ఆయన పట్టీ వేశారంటే కింద అతుకు ఉందని అమ్మకి తెలిసిపోయేది.

ఇంకొకటి. పలకల్ని బిగుతుగా కొట్టకండి. నీళ్ళ మీద బోటు ఒళ్ళు విరుచుకుంటూనే ఉంటుంది. పలక చుట్టూ రెండు మిల్లీమీటర్ల సందు వదిలి, స్క్రూ బెజ్జం కొంచెం సాగదీసి పెట్టాలి. లేకపోతే ప్రతి అలకీ కిర్రుమంటుంది, కొన్నాళ్ళకి పగులుతుంది.

గోదారి_గట్టు

మాది రాజమండ్రి. టేకు నేను పంపిస్తా అన్నా. మా వీధి చివరే డిపో. సూట్‌కేసులో పట్టేన్ని పలకలు మా బావమరిది చేత పంపనా? పచ్చళ్ళ బదులు టేకు!

సియాటిల్_శ్రీను

పచ్చళ్ళు మానేస్తే మా ఇంట్లో ఒప్పుకోరు తమ్ముడూ. పైగా చెక్క అమెరికాలోకి తేవాలంటే వ్యవసాయ శాఖ నిబంధనలు ఉన్నాయి. ఇక్కడే వెతుక్కుంటాను.

హైదరాబాద్_అలంగ్

కొత్త టేకు కొనకండి. పాత టేకు వెతకండి. గుజరాత్‌లో అలంగ్ దగ్గర ఓడలు విడగొట్టే తీరం ఉంది కదా, అక్కడి నుంచి వచ్చిన క్యాబిన్ తలుపులు నేను రెండు తెచ్చుకున్నాను. మా ఇంట్లో పూజగదికి అవే పెట్టించాను. పైన గీతలు పడి దరిద్రంగా ఉన్నాయి. ఒక్క చిత్రిక వేయించేసరికి లోపల బంగారం. మేస్త్రి మాత్రం తిట్టుకున్నాడు, టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, రెండుసార్లు చిత్రిక బ్లేడు నూరాడు. మీ దగ్గర కూడా విప్పేసిన బోట్ల సామాను అమ్మేవాళ్ళు ఉంటారు. నలభై ఏళ్ళు ఆరిన టేకు మీ బోటు టేకుతో రంగులోనూ కలుస్తుంది.

పోర్ట్‌టౌన్‌సెండ్_సుధ

సియాటిల్ నుంచి అలంగ్ దాకా ఎందుకు, మా ఊరు రండి. పాత బోట్ల సామాను ఇక్కడ దొరుకుతుంది. 1977లో మొదలై సెప్టెంబరులో చెక్క పడవల పండగ జరిగే ఊరు ఇది. పక్కనే పోర్ట్ హాడ్‌లాక్‌లో చెక్క పడవలు కట్టడం నేర్పే స్కూలు కూడా ఉంది. నేను అక్కడ ఒక చిన్న కోర్సు చేశాను. మా క్లాసులో దంతవైద్యురాలు, లారీ డ్రైవరు, నేను. ముగ్గురికీ మొదటి రోజు ఉలి నూరడం తప్ప ఏమీ నేర్పలేదు.

కొత్త టేకు వాడాల్సి వస్తే భయపడకండి. కోసినప్పుడు పచ్చగా, చారలు చారలుగా, ఈ బోటుకి సంబంధం లేనట్టు ఉంటుంది. కొన్ని వారాలు వెలుతురు తగిలితే బంగారు రంగుకి వస్తుంది. రంగు కలపాలని ముందే స్టెయిన్ వేస్తే ఆర్నెల్లకి అది విడిగా కనిపిస్తుంది.

వార్నిష్_వాసన

వార్నిష్ దగ్గరికి వచ్చేముందు ఒక ముఖ్యమైన మాట. మొన్న మార్చిలో మా గరాజ్‌లో టంగ్ ఆయిల్ పట్టించి, తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేసి భోజనానికి వెళ్ళాను. గంటన్నరకి పొగ వాసన. వెళ్ళి చూస్తే గుడ్డల ఉండ నల్లగా మాడి మధ్యలో ఎర్రగా రగులుతోంది. అగ్గిపుల్ల లేదు, కరెంటు లేదు. ఆరే నూనె గాలితో కలిసేటప్పుడు వేడి పుడుతుంది, ఉండచుట్టిన గుడ్డలో ఆ వేడికి పోయే దారి ఉండదు. పక్కనే నా కూతురి సైకిలు ఉంది. ఇప్పటికీ తల్చుకుంటే చేతులు వణుకుతాయి.

లిన్‌సీడ్, టంగ్, టేకు ఆయిల్, నూనె వార్నిష్, ఏదైనా సరే. గుడ్డలు విడివిడిగా పరిచి బయట ఆరేయండి, లేదా నీళ్ళు నింపిన డబ్బాలో వేసి మూత పెట్టండి. బోటులో మాత్రం ఒక్క గుడ్డ కూడా వదిలి ఇంటికి రాకండి.

డీజిల్_డాక్టర్

ఈ పోస్టుని పైన అంటించండి ఎవరైనా. మా డాకులో ఒక బోటు ఇలాగే పోయింది, పక్క బోటు కూడా కాలింది.

సియాటిల్_శ్రీను

మా గుడ్డలన్నీ బోటులోనే సంచిలో ఉన్నాయి. ఇప్పుడే వెళ్తున్నాను.

సియాటిల్_శ్రీను

వెళ్ళి వచ్చాను. చల్లగానే ఉన్నాయి, నీళ్ళ బకెట్లో వేశాను. వార్నిష్ వాసన గారూ, ఈ మేలు మర్చిపోను.

సరస్వతి_అత్తయ్య

అమ్మయ్య. రాత్రి పదకొండింటికి వెళ్ళావా! బోటు కంటే నువ్వు జాగ్రత్త నాయనా.

చిత్రిక_పట్టు

వార్నిష్ మాట. లోపలికి ఎండ పడదు కాబట్టి బయట వేసినట్టు ఏడెనిమిది పూతలు అక్కర్లేదు. నాలుగు చాలు. మొదటిది సగానికి సగం థిన్నర్ కలిపి పలచగా, చెక్క తాగేలా. రెండోది పావు వంతు. మిగతావి చిక్కగా. ప్రతి పూతకీ మధ్య 320 కాగితంతో తేలిగ్గా రుద్ది, ధూళి తుడవాలి. చివరి పూత మెరుపు తగ్గించిన శాటిన్ రకం వేయండి. పాత పలకల మీద సన్న సన్న గుంటలుంటాయి, అద్దంలా మెరిసే వార్నిష్ వేస్తే అవన్నీ అరిచి చెప్తాయి.

సత్తి_మేస్త్రి_కొడుకు

లక్క పాలిష్ ఎందుకు వేయకూడదు? మా నాన్న చేతి పాలిష్ చూస్తే వార్నిష్ వైపు చూడరు. ఏటికొప్పాక బొమ్మల మెరుపు అంతా లక్కదే కదా.

చిత్రిక_పట్టు

ఇంట్లో అయితే నేనూ లక్కకే ఓటేస్తాను. బోటులో తడి గ్లాసు పెడితే తెల్లటి వలయం పడుతుంది, మందు ఒలికితే కరిగిపోతుంది. కానీ ఒకచోట పనికొస్తుంది. శ్రీను గారు సిలికాన్ పూసి తీసినచోట, మైనం తీసిన లక్క ఒక పూత అడ్డుపొరగా వేస్తే దాని మీద వార్నిష్ గుంటలు పడకుండా కూర్చుంటుంది. మైనం ఉన్న లక్క వాడితే పైన వేసింది ఊడుతుంది, డబ్బా మీద చూసి కొనండి.

సత్తి_మేస్త్రి_కొడుకు

నాన్నకి చెప్పాను. "అడ్డుపొరగా అయినా వాడుతున్నారు, సంతోషం" అన్నాడు.

సియాటిల్_శ్రీను

జూన్ వచ్చింది. అంతా ఒకేసారి రాస్తున్నాను.

మూడు పలకలు అలాగే ఉన్నాయి, సిరంజి, వంచిన కర్రలతో అతికించాను. ఒక్కోదానికి రెండు వారాంతాలు పట్టింది. ఆక్సాలిక్ యాసిడ్‌కి ముప్పాతిక వంతు నలుపు పోయింది. మిగిలిన నీడల్ని వదిలేశాను. నాలుగో పలకకి కింద ముక్క అతికించి, పైన పట్టీ వేశాను. ఆ పట్టీ టేకు సుధ గారి ఊళ్ళో దొరికిన పాత బోటు మెట్టుది. పట్టీ స్క్రూల మీద టేకు బిళ్ళల్ని జిగురుతో కాకుండా వార్నిష్‌తో అంటించాను, రేపు విప్పాలంటే తేలిగ్గా వస్తాయని సుధ గారు చెప్పారు. చారలన్నీ ఒకే దిక్కుకి ఉండేలా తిప్పి మరీ కొట్టాను.

న్యూజెర్సీ గారి మాట కూడా విన్నాను. పైకప్పు పలకలకి వెనకటి యజమాని ఎప్పుడో వినైల్ అతికించి ఉన్నాడు, కింద వెనీర్ ఎలాగూ లేదు. అది తీసి తెల్లరంగు కొట్టాం. గోడలు టేకు. ఇప్పుడు పగలు లైటు వేయక్కర్లేదు.

పార్కే ముక్కల్లో పదకొండు తిరిగి అతికించాను. ఒకటి దొరకలేదు, అది కొత్తగా కోశాను. ఎక్కడ ఉందో మా అబ్బాయి ఇంకా కనిపెట్టలేదు.

అన్నిటికంటే మీకు చెప్పాలనుకున్నది వేరే ఉంది. ఆ కుళ్ళిన పలక విప్పినప్పుడు వెనకవైపు పెన్సిల్‌తో రాత కనిపించింది. చైనా అక్షరాలు, పక్కన బాణం గుర్తు, ఒక అంకె. ఆఫీసులో తైవాన్ నుంచి వచ్చిన సహోద్యోగికి ఫొటో చూపించాను. "కుడి, మూడో కిటికీ, ఇది పై వైపు" అని రాసుందట. కొలతలో ఒకచోట కొట్టేసి మళ్ళీ రాసుకున్నాడు ఆ వడ్రంగి. నలభై ఏళ్ళకి పైగా ఆ రాత మీద వెలుతురు పడలేదు. నేను కోసిన కింది ముక్కలో ఆ రాత లేదు, అదృష్టం. పలకని తిరిగి బిగించేముందు దాని పక్కనే తెలుగులో తేదీ వేసి, "కింద ఆరు అంగుళాలు కొత్తది, నీళ్ళు కిటికీ గాడిలోంచి వచ్చాయి, బెజ్జాలు చూడండి" అని రాశాను.

విశాఖ_జాయినర్_కూతురు

ఇది నాన్నకి చదివి వినిపించాను. ఆయనకి 84 ఏళ్ళు. రెండుసార్లు చదివించుకున్నారు. వాళ్ళూ పలకల వెనక అలాగే రాసేవారట, ఒక్కోసారి పేరు కూడా.

న్యూజెర్సీ_నావికుడు

పైకప్పుకి రంగు ఏది వాడారు? ఫొటోలో మెరుపు లేకుండా భలే ఉంది.

సియాటిల్_శ్రీను

నీళ్ళతో కలిపే ఎనామెల్, శాటిన్. రెండు పూతలు, చిన్న ఫోమ్ రోలరుతో. పచ్చి తెలుపు కాకుండా కాస్త మీగడ రంగు తీసుకున్నాను, టేకు పక్కన అది నప్పింది.

గోదారి_గట్టు

పేము తలుపు అయిందా అన్నా? వాసన పోయిందా?

సియాటిల్_శ్రీను

పేము కొన్నాను. నీళ్ళలో నానబెట్టి లాగి బిగించాలట, ఈ శనివారం ఆ పని. వాసన తొంభై పాళ్ళు పోయింది. నిన్న మా ఆవిడ ఒక స్వెట్టరు తెచ్చి అందులో వేలాడదీసింది, వారం తర్వాత వచ్చి వాసన చూస్తానంది.